నీళ్లు కట్టిందెవరు

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఒక మనిషి తాను చెయ్యని తప్పు ఒప్పుకుని సంతకం పెట్టబోతున్నాడు. అది అతను చెయ్యని తప్పని ఉదయం పదింటికి నాకు తెలియదు. నిజం చెప్పాలంటే, తప్పు అతనిదేనని నేనూ అనుకున్నాను.

నన్ను పనిలో పెట్టుకున్నది అతని అక్క. సోమవారం ఉదయం ఆమె భర్త జెట్ బోటులో ఒంటరిగా నదిలోకి వెళ్లాడు. కాసేపటికి ఇంజన్ ఆగిపోయింది. జెట్ బోటుకి అడుగున రెక్కలుండవు, చుక్కాని ఉండదు. లోపలి పంపు నీళ్లు పీల్చి వెనక్కి చిమ్ముతుంది, ఆ చిమ్మే మూతిని పక్కకి తిప్పితే బోటు తిరుగుతుంది. ఇంజన్ ఆగిందా, చేతిలో ఉన్న స్టీరింగు పిల్లలు ఆడుకునే బొమ్మే. ప్రవాహం ఆ బోటుని అడ్డంగా లాక్కెళ్లి ఆనకట్ట స్తంభానికి కొట్టింది. మనిషి దక్కలేదు.

బోటు ఆమె తమ్ముడిది. మూడు వారాల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఇంజన్ని సరిగ్గా చూసుకోవడం చేతకాక పాడుచేశాడని, అందుకే నది మధ్యలో ఆగిందని ఇన్సూరెన్స్ సర్వేయర్ తేల్చేశాడు. నాలుగింటికి దర్యాప్తు అధికారి ముందు తమ్ముడు ఆ మాట ఒప్పుకుంటూ వాంగ్మూలం మీద సంతకం పెట్టాలి.

"వాడి వల్లే ఆయన పోయారని తేలితే, వాడి మొహం ఇక చూడను," అంది అక్క. "కాదని తేలితే, వాడు ఊరికే కుమిలి చస్తున్నట్టు. ఏదో ఒకటి నాలుగు లోపల తేల్చండి."

సోమవారం నుంచి ఆమె తమ్ముడితో మాట్లాడలేదు. వాళ్లకి ఒకరికి ఒకరు తప్ప ఎవరూ లేరు.

నేను ఇరవై రెండేళ్లు బోటు ఇంజన్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని పనిచేశాను. నడుము మొరాయించాక డిటెక్టివ్‌నయ్యాను. రెండు పనులకీ పెద్ద తేడా లేదు. రెండిట్లోనూ ఎదుటివాళ్లు "నేనేం చెయ్యలేదండీ" అనే మొదలుపెడతారు. రేవులో ఇప్పటికీ నన్ను స్పానరమ్మ అనే పిలుస్తారు. నాకేం కోపం లేదు.

తమ్ముడు పటాలు కట్టేవాడు. నేను వెళ్లేసరికి కొట్లో బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. రంపం ఉంది, అద్దాలున్నాయి, పని మాత్రం జరగడం లేదు. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు.

"ఫ్యాను కట్టేస్తానండీ, ఈ చెక్కపొట్టు మీ కళ్లల్లో పడుతుంది," అన్నాడు.

బల్ల మీద ఒక ఫొటో బోర్లించి ఉంది. పక్కనే దాని కొలతకి కోసిన నాలుగు చెక్కలున్నాయి. బావ ఫొటో అట. మంగళవారం చెక్కలు కోశాడు, అక్కడితో చెయ్యి ఆగిపోయింది. అక్క అడగకుండా బావ పటం కట్టే హక్కు తనకి లేదన్నాడు. సోమవారం బోటులో తనూ వెళ్లాల్సిందట. తొమ్మిదింటికల్లా ఇవ్వాల్సిన పెద్ద పటం ఒకటి ఉండి, తెల్లవారుజాము ఐదింటి నుంచే కొట్లో కూర్చున్నాడు. బావని ఒక్కణ్ణే పొమ్మన్నాడు.

ఆదివారం ఏం చేశావని అడిగాను. అతను నోటు పుస్తకం నకలు తీసి ఇచ్చాడు. బోటు కొన్న రోజు నుంచీ ప్రతి చిన్న విషయం రాసుకున్నాడు. కొత్త ఓనర్లలో నేను చూసిన మొదటి బుద్ధిమంతుడు. అసలు పుస్తకం సోమవారం మధ్యాహ్నం సర్వేయర్ పట్టుకెళ్లాడు. పట్టుకెళ్లే ముందు ప్రతి పేజీ కిందా సంతకం, తేదీ, టైము వేసి నకలు ఇచ్చాడు. చివరి పేజీలో ఇలా ఉంది.

శుక్రవారం: సర్వేయర్ గారికి షెడ్డు మూడో తాళం ఇచ్చాను. రేపు వచ్చి బోటు చూస్తారట.

ఆదివారం: కొట్టు కట్టి, నాలుగున్నరకి షెడ్డుకి వెళ్లాను. నదిలో అరగంట. అడుగు జాలీలో ఇరుక్కున్న నాచు తీశాను. 5:40కి ఇంజన్‌కి మంచినీళ్లు పట్టాను. నీళ్లు కట్టి, ఇంజన్ ఆపాను. మీటరు 212.4.

ఈ మంచినీళ్లు పట్టడం అనే పనిలోనే కొత్తవాళ్లు బోల్తా పడతారు. నదిలో తిరిగొచ్చాక ఇంజన్ లోపలి బురద పోవడానికి గొట్టం తగిలించి కుళాయి నీళ్లు పట్టాలి. దానికో వరస ఉంది. ముందు ఇంజన్ స్టార్ట్ చెయ్యాలి, ఆ వెంటనే కుళాయి తిప్పాలి. ఆపేటప్పుడు ముందు కుళాయి, తర్వాతే ఇంజన్. ఇంజన్ ఆగి నీళ్లు మాత్రం వస్తూ ఉంటే, ఆ నీళ్లు పొగగొట్టం గుండా వెనక్కి మళ్లి సిలిండర్లలోకి పోతాయి.

"ఆపేటప్పుడు ముందేది ఆపావు?" అని అడిగాను.

అతను కోసిన చెక్కల్ని బల్ల అంచుకి సర్దాడు.

"సోమవారం అడిగుంటే ముందు కుళాయేనని ఒట్టేసి చెప్పేవాణ్ణండీ. సర్వేయర్ గారు ఇప్పటికి నలభైసార్లు అడిగారు. అడిగినకొద్దీ నాకే అనుమానం పట్టుకుంది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ముందు ఇంజన్ ఆపినట్టే కనిపిస్తోంది."

నాకు ఒళ్లు మండింది, అతని మీద కాదు. నలభైసార్లు అడిగితే నా పేరు మీద నాకే అనుమానం వస్తుంది.

పదకొండున్నరకి షెడ్లకి వెళ్లాను. తొమ్మిదో షెడ్డులో ట్రైలర్ మీద బోటుంది, ముందు భాగం నుజ్జయిపోయి. దాని పక్కన టై కట్టుకుని సర్వేయర్ నిలబడి ఉన్నాడు. పన్నెండేళ్ల క్రితం ఇతను నా దగ్గర రెండు నెలలు పని నేర్చుకున్నాడు. చేతికి గ్రీజు అంటుతోందని మానేసి కాగితాల వైపు వెళ్లాడు. ఆ రెండు నెలల్లో నేను మళ్లీ మళ్లీ చెప్పింది ఒకటే మాట. కుళాయి తిప్పి ఊరుకోకు, బోటు వెనక్కెళ్లి నీళ్లు పడుతున్నాయో లేదో కళ్లతో చూడు అని.

"రండి స్పానరమ్మగారూ. మీకు శ్రమ ఎందుకు? అతనే ఒప్పుకున్నాడు కదా," అన్నాడు.

ఇంజన్ మూత తీసి, ఆయిల్ మట్టం చూసే పుల్ల లాగి చూపించాడు. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది. ఇంజన్లోకి నీళ్లు వెళ్లాయనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నాడు. బోటు రెండు గంటలు నీటి అడుగున పడుంటే ఆయిల్‌లో నీళ్లు కాక ఇంకేం కలుస్తాయని నేనడిగాను. అతను నవ్వి, నోటు పుస్తకంలో చివరి పేజీ తీశాడు.

"ఇది అతని చేతిరాత. 'నీళ్లు కట్టి, ఇంజన్ ఆపాను.' అంటే నీళ్లు వదిలాడు, వదిలి ఇంజన్ ఆపాడు. ఇంజన్ ఆగేసరికి నీళ్లు పారుతున్నాయి."

"నీళ్లు కట్టడమంటే వదలడమా?"

"మా నాన్న ముప్పై ఏళ్లు పొలానికి నీళ్లు కట్టాడు. తెలుగు కూడా మీ దగ్గరే నేర్చుకోవాలంటారా?"

సిలిండర్లలో నీళ్లుంటే మర్నాడు ఇంజన్ అసలు తిరగదు కదా, బోటు నది మధ్యదాకా ఎలా వెళ్లిందని అడిగాను. కొద్దిగా నీళ్లు వెళ్లుంటాయి, రాత్రంతా తుప్పు పట్టి దారిలో బిగుసుకుపోయుంటుంది అన్నాడు. అడ్డదిడ్డమైన జవాబే. కానీ ఇంజన్ గురించి తెలియని అధికారికి అది చాలు. నాలుగింటికి కలుద్దామని, టై సవరించుకుని వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక నా పని మొదలుపెట్టాను. ఈ బోటు మీటరు పాతకాలంది. ఇంజన్ తిరిగినంతసేపే దాని అంకెల చక్రాలు తిరుగుతాయి. నీళ్లలో మునిగినా చివరి అంకె అలాగే ఉంటుంది. అద్దం తుడిచి చూస్తే 212.8.

నదిలోకి దిగే బోట్లు రాసే గేటు రిజిస్టరు తీయించాను. సోమవారం బోటు వెళ్లిన టైము 7:10. ఆనకట్ట కాపలావాడి పుస్తకంలో, ఇంజన్ చప్పుడు లేకుండా బోటు అడ్డంగా కొట్టుకొస్తోందని 7:28కి రాసుంది. పద్దెనిమిది నిమిషాలు. మీటరు మీద ఒక్కో పాయింటు ఆరు నిమిషాలు, కాబట్టి మూడు పాయింట్లు. కానీ ఆదివారం సాయంత్రం 212.4 దగ్గర ఆగిన మీటరు నాలుగు పాయింట్లు తిరిగింది.

ఆరు నిమిషాలు ఎక్కువ. ఆదివారం 5:40కీ సోమవారం 7:10కీ మధ్య, ఎవరో ఈ ఇంజన్ని ఆరు నిమిషాలు నడిపారు.

నడుము పట్టుకుని ఇంజన్ పక్కకి దిగాను. ఇంజన్ నుంచి పొగని బయటికి తీసుకెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం ఒకటుంటుంది. పొగతో పాటు ఇంజన్ని చల్లబరిచిన నీళ్లూ అందులోంచే పోతాయి కాబట్టి ఆ రబ్బరు కాలదు. కొత్తగా బోటు కొన్నవాళ్లకి నేను చెప్పేది ఇదే. వారానికోసారి ఆ గొట్టాన్ని చేత్తో నొక్కి చూడండి, మెత్తగా ఉంటే మంచిది, పెళుసుగా ఉంటే బోటు దింపకండి. ఇక్కడ గొట్టం అడుగున జానెడు పొడవున చిరిగి ఉంది. లోపలికి వేలు పెడితే వేలంతా మసి అయింది. రబ్బరు అప్పడంలా పెళపెళమంది.

నదిలో తిరిగే బోటుకి పంపు ఎప్పుడూ నీళ్లు అందిస్తూనే ఉంటుంది. అక్కడ ఈ రబ్బరు కాలే ప్రసక్తే లేదు. ఇది నేల మీద కాలింది, చుక్క నీరు లేకుండా ఇంజన్ నడిపితే కాలింది. కాలిన గొట్టంతో నదిలోకి వెళితే కొంతసేపటికి అది చిరుగుతుంది, నీళ్లన్నీ ఇంజన్ గదిలోకి వచ్చి పడతాయి, ఇంజన్ మునిగి ఆగిపోతుంది. పాపం ఆయనకి ఏం జరుగుతోందో తెలిసేలోపే స్టీరింగు పనికిరాకుండా పోయుంటుంది.

షెడ్లు చూసుకునే పెద్దాయన టీ తెచ్చిచ్చాడు. మాటల్లో నీళ్ల సంగతి అడిగాను. సాయంత్రం ఆరింటికి మెయిన్ వాల్వు మూసేస్తాడట, మళ్లీ ఉదయం ఆరింటికి వచ్చి తెరుస్తాడు. ఆ మధ్యలో ఏ షెడ్డులోనూ చుక్క రాదు. షెడ్డు అద్దెకి తీసుకున్న వాళ్లందరికీ మొదటిరోజే చెబుతాడు.

"సోమవారం వాల్వు తిప్పగానే ఈ షెడ్డు దగ్గర జలజలా చప్పుడమ్మా. వచ్చి చూస్తే తలుపు బయటున్న కుళాయి బార్లా తెరిచుంది. పటాలాయన్ని మనసులో నాలుగు తిట్టుకుని కట్టేశాను," అన్నాడు.

"ఆదివారం ఆయన వెళ్లేటప్పుడు కుళాయి నువ్వు చూశావా?"

"చూడకేం? ఆరింటికి వాల్వు ముయ్యబోతూ అన్ని షెడ్లూ తిరిగాను. చుక్క కారడం లేదు."

ఇంకేం కావాలి నాకు? వాల్వు ముయ్యకముందే కుళాయి మూసుంది. వాల్వు తెరిచేసరికి కుళాయి తెరిచుంది. ఆ మధ్యలో ఎవరో వచ్చారు. గొట్టం తగిలించి, ఇంజన్ స్టార్ట్ చేసి, కుళాయి తిప్పారు. నీళ్లు రాలేదు. ఇంజన్ మోతలో ఆ సంగతి వినపడదు, బోటు వెనక్కి వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. చూడలేదు. రబ్బరు కాలిన వాసన వచ్చాక ఇంజన్ ఆపి, గొట్టం ఊడదీసి వెళ్లిపోయారు. నీళ్లు పారడం లేదు కాబట్టి కుళాయి కట్టాలని గుర్తే రాలేదు.

షెడ్డుకి మూడు తాళాలు. తమ్ముడి దగ్గరొకటి. అతనికి నీళ్ల వేళలు తెలుసు, పైగా ఐదింటి నుంచీ కొట్లోనే ఉన్నాడు. బావ దగ్గరొకటి. అక్కకి ఫోన్ చేశాను. సోమవారం ఆరుంబావుకి తనే ఆయన్ని లేపిందట. అప్పటిదాకా ఆయన ఇంట్లో నిద్రలోనే ఉన్నాడు, ఇక మిగిలింది మూడో తాళం.

తర్వాత తమ్ముడికి ఫోన్ చేసి, ఇన్సూరెన్స్ కాగితాల్లో సర్వేయర్ ఇచ్చిన సర్టిఫికెట్ తియ్యమన్నాను. అందులో ఒక్క అంకె చదవమన్నాను. చదివాడు. మళ్లీ చదవమన్నాను.

నాలుగింటికి అధికారి గదిలో ఐదుగురం కూర్చున్నాం. అక్క కిటికీ పక్కన, తమ్ముడు గోడ పక్కన. మధ్యలో మూడు ఖాళీ కుర్చీలున్నాయి. వాంగ్మూలం టైపు చేసి బల్ల మీద పెట్టి ఉంది. తమ్ముడు పెన్ను మూత అప్పటికే తీసేశాడు.

ఆ మూత పెట్టమని, నాకు పది నిమిషాలు కావాలని అధికారిని అడిగాను. ఆయన గడియారం చూసి సరేనన్నాడు.

"నీళ్లు కట్టి, ఇంజన్ ఆపాను అన్న ముక్క మీదే కదా ఈ కేసంతా నిలబడింది," అన్నాను. "కట్టడమంటే వదలడమని సర్వేయర్ గారి వాదన. పొలం పని చేసేవాళ్లు అలాగే అంటారు, కాదనను. కానీ పైన ఇంకో ముక్కుంది, చదవండి. 'కొట్టు కట్టి, నాలుగున్నరకి షెడ్డుకి వెళ్లాను.' ఆదివారం సాయంత్రం ఈయన ఇటుకలు పేర్చి కొట్టు కట్టాడంటారా?"

అధికారి మీసం చాటున నవ్వాడు. "మూసేసి" అన్నాడు.

"మూసేసి. ఈ మనిషి కొట్టు కడతాడు, ఫ్యాను కడతాడు, కుళాయి కడతాడు. పొలం ఎన్నడూ చూడలేదు. ముందు నీళ్లు మూసి తర్వాత ఇంజన్ ఆపాడు. నూటికి నూరుపాళ్లు సరైన పద్ధతి. షెడ్డు పెద్దాయన కూడా కుళాయి మూసుండడం చూశాడు."

సర్వేయర్ నింపాదిగానే ఉన్నాడు. మాటలతో ఎటైనా తిప్పొచ్చు, ఇంజన్ ఆగింది మాత్రం నిజం అన్నాడు. అప్పుడు సంచీలోంచి రబ్బరు గొట్టం ముక్క తీసి బల్ల మీద పెట్టాను. మీటరు లెక్క, కుళాయి సంగతి, నీళ్ల వేళలు ఒక్కొక్కటే చెప్పాను. అధికారి ఆ ముక్కలోకి వేలు పెట్టి, మసి చూసుకుని, రుమాలుతో తుడుచుకున్నాడు. సర్వేయర్ ఆ ముక్క వైపు ఒక్కసారి చూసి, మళ్లీ చూడలేదు.

"ఆ ఆరు నిమిషాలు నడిపిందెవరు?" అని అధికారి అడిగాడు.

తమ్ముడు తెచ్చిన సర్టిఫికెట్ ఆయన ముందు పెట్టాను. బోటు పరీక్షించాను, ఇంజన్ నడిపి చూశాను, అంతా బాగుంది అని అందులో ఉంది. పరీక్షించిన తేదీ శనివారం, టైము ఉదయం పది. కింద ఇన్సూరెన్స్ ఆఫీసు ముద్ర, సోమవారం తొమ్మిదింటికి అందినట్టు. సర్టిఫికెట్ అందజెయ్యడానికి గడువు ఆ పూటే. పరీక్షించినప్పుడు మీటరు రీడింగు 212.5.

"ఆదివారం సాయంత్రం మీటరు 212.4," అన్నాను. "శనివారమే 212.5 ఎలా ఉంటుంది? ఈ మీటరు వెనక్కి తిరగదు."

సర్వేయర్ గొంతు సవరించుకున్నాడు. పటాలు కట్టేవాడు ఇంట్లో కూర్చుని రాసుకున్న పుస్తకాన్ని ఎలా నమ్ముతామన్నాడు.

"మీరు నమ్మారుగా. సోమవారం మధ్యాహ్నం ప్రతి పేజీ కింద మీరే సంతకం పెట్టారు. ఈ పేజీ కింద కూడా. 212.4 పక్కనే ఉంది మీ సంతకం."

అధికారి పుస్తకం తన వైపు లాక్కున్నాడు. సంతకం చూశాడు, అంకె చూశాడు, సర్టిఫికెట్ చూశాడు. సర్వేయర్ టై ముడి కొంచెం వదులు చేసుకున్నాడు. నా దగ్గర పని నేర్చుకునే రోజుల్లో తప్పు దొరికినప్పుడల్లా ఇలాగే కాలర్ లాక్కునేవాడు. ఆ కుర్రతనం గుర్తొచ్చి, ఆ క్షణంలో అతని మీద కోపం కంటే జాలే ఎక్కువ కలిగింది.

"శనివారం కుదరలేదు," అన్నాడు చివరికి, నావైపే చూస్తూ. "సోమవారం పొద్దున ఐదున్నరకి వెళ్లాను. కుళాయి తిప్పాను. తిప్పానండీ, ఒట్టు. వాసన రాగానే ఆపేశాను. ఆరు నిమిషాలే. ఏమీ కాలేదనుకున్నాను."

"వెనక్కి వెళ్లి చూశావా?" అని అడిగాను. పన్నెండేళ్ల తర్వాత మొదటిసారి నువ్వు అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు.

తెలియక చేసిందాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ సోమవారం మధ్యాహ్నమే ఇతనికి అంతా అర్థమైంది. అర్థమయ్యాకే ఆ పటాలతన్ని నలభైసార్లు అడిగాడు. దాన్ని మాత్రం నేను క్షమించలేను. అధికారి టైపు చేసిన వాంగ్మూలం తీసి సొరుగులో పడేసి, కొత్త కాగితం తీసి సర్వేయర్ ముందు పెట్టాడు.

తమ్ముడు ఇంకా పెన్ను పట్టుకునే ఉన్నాడు. విన్నదంతా అతని బుర్రకి ఎక్కినట్టు లేదు.

"అయితే నేను... ముందు కుళాయే కట్టానాండీ?" అని నన్నడిగాడు.

నేను నోరు తెరిచేలోపే అక్క లేచింది. మూడు ఖాళీ కుర్చీలు దాటి వచ్చి అతని పక్కన కూర్చుంది. ఐదు రోజుల తర్వాత తమ్ముడితో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

"బావ ఫొటో నీ దగ్గరే ఉందిట కదరా?"

"కొట్లో ఉందక్కా."

"కట్టు."

అతను చేత్తో మొహం తుడుచుకున్నాడు. చెక్కలు కోసే ఉన్నాయక్కా, అన్నాడు.